అలుగు దారి

డాక్టరు చీటీలో మందులు రెండే.
మూడో వరుసలో: రోజూ ఐదు కిలోమీటర్లు.
ఎక్కడ అని రాయలేదు.

మల్కాజిగిరి కౌంటర్లో రద్దీ తగ్గాక
రిజర్వేషన్ ఫారం వెనక్కి తిప్పి
పెన్సిల్‌తో దారులు గీయడం మొదలుపెట్టాను.
కాజీపేటకి, కర్నూలుకి, నాందేడ్‌కి
పొద్దంతా దూరాలు కోసిచ్చే దాన్ని,
నాకని ఐదు కిలోమీటర్లు దొరకలేదు.

మొదటి వారం మా గల్లీ:
మూడు స్పీడ్ బ్రేకర్లు, ఒక పాలబండి,
నన్ను దొంగ అనుకున్న నల్లకుక్క.
రెండో వారం కేబీఆర్ పార్కు.
నెమలి కనబడింది, అబద్ధమెందుకు.
కానీ పరుగెత్తడానికి రెండు బస్సులు మారడం
ఆకలేసి పొరుగూరి పెళ్లికి నడిచినట్టుంది.
ట్యాంక్‌బండ్ మీద తెల్లవారుజామున గాలి బాగుంటుంది,
నీళ్ల వైపు నుంచి వీయనంత వరకు.
దుర్గం చెరువు దగ్గర వంతెన దీపాలు చూస్తూ
బండకి బొటనవేలు కొట్టుకున్నాను.
అది కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది.
తప్పు నాదే.

చివరికి ఇంటి పక్క సఫిల్‌గూడ చెరువుకే వచ్చాను.
గుర్రపుడెక్క కమ్మిన మూలలో
నీటికోడి ఒకటి నీళ్ల మీద నడిచిపోతోంది,
కాళ్లు తడవకుండా, ఆడిటర్‌లా.
ఒక చుట్టు. రెండు చుట్లు.
మూడో చుట్టులో కట్ట ఊడ్చే కొమురవ్వ
చీపురు ఆపింది.

"గానుగెద్దు లెక్క గీన్నే తిరుగుతవేంది బిడ్డా?
ఇది నడిమి చెరువు.
నడిమిదంటే మీదొకటి, కిందొకటి ఉండాలె గద!"

పద్దెనిమిదేళ్లుగా వింటున్న పేరు.
పేరే విన్నాను, అందులోని మాట వినలేదు.

మర్నాడు నీళ్లు వచ్చే వైపుకి ఎదురు పరుగెత్తాను,
నాలా గోడ పట్టుకుని, రామకృష్ణాపురం దాకా.
మీది చెరువు ఉంది. పొగమంచులో
ఎవరో కప్పుకుని పడుకున్నట్టు.
ఆ తర్వాతి రోజు కిందికి, బండ చెరువుకి.
మధ్యలో నీళ్లు కనబడవు.
స్లాబు కింద, దుకాణాల కింద, వరుసగా ఆగిన ఆటోల కింద
వినబడతాయి.
మ్యాన్‌హోల్ మూతలే నాకు మైలురాళ్లు.
ఇస్త్రీ బండి ముత్యాలు రోజూ కూర్చునే రాయి
పాత తూము రాయట,
వాళ్ల నాన్న దాని మీద నుంచి దూకేవాడట.
"ఎందులోకి?" అన్నాను.
అంగీ మడత పెడుతూ రోడ్డు వైపు గడ్డం చూపించాడు.

ఫారం వెనక ఒక గీత కుదిరింది.
మూడు చెరువులు, ఐదు కిలోమీటర్ల చిల్లర.
నేనే కనిపెట్టానని
మా సూపరింటెండెంట్‌కి కూడా చూపించాను.

ఆగస్టులో ఒక రాత్రి, నా డ్యూటీలో,
వాన ఆగకుండా కురిసింది.
తెల్లారి బూట్లు కట్టుకుని వెళ్తే
నా గీత పొడవునా గోడల మీద మోకాటెత్తు బురద చార.
నేను తిరిగే ప్రతి మలుపులో తిరిగింది.
నేను ఆయాసపడి ఆగే చోట
అదీ ఆగింది,
కొమురవ్వ ఇంట్లో.

బియ్యం డబ్బా మంచం మీద, మంచం ఇటుకల మీద.
చీపురు మాత్రం గోడకి ఎత్తుగా వేలాడదీసింది, పొడిగా ఉంది.
"నీ తొవ్వల్నే వచ్చింది బిడ్డా,
నీ కంటె జోరుగ," అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు పరుగెత్తలేదు.
గడప నుంచి మోరీకి బకెట్‌తో
నలభై సార్లో, యాభై సార్లో.
ఎన్ని కిలోమీటర్లో గీయలేదు.

ఇప్పటికీ అదే దారి.
వేరే అందమైన దారులు ఉన్నాయని తెలుసు.
ముత్యాలు రాయి దాటాక, ఆకాశం ఎంత తేటగా ఉన్నా,
కొంచెం ఎడమకి జరిగి పరుగెడతాను,
వెనక ఎవరో వస్తున్నట్టు,
నా కంటే పాతవాళ్లు,
దారి వాళ్లదైనట్టు.