రెండు పంపితే నాలుగు

లానియోన్‌లో అక్టోబరు వాన
అడ్డంగా పడుతుంది, సముద్రం వైపు నుంచి.
నేలమాళిగ గదిలో మాకా సంగతి తెలియదు,
గుల్వెన్ గొడుగు కారుతుంటే తప్ప.

బల్ల మీద ఒక చుట్ట.
అయిదువందల మీటర్ల గాజు, వెంట్రుకకి అన్నలాంటిది.
చేపల వల తగిలి తెగిన కేబుల్‌లోంచి
ఓడవాళ్ళు పైకి లాగిన ముక్క.
దీన్ని తీసిన కొలిమి ఆరిపోయి చాలా కాలమైంది.
చెడితే మరొకటి లేదు.

"గాజుకి వెలుతురంటే లెక్కలేదు" అన్నాడు గుల్వెన్ మొదటిరోజు.
"వీధిలో పోయే మనిషిని కిటికీ పట్టించుకుంటుందా?
కానీ జనం పెరిగారనుకో..."
మాట అక్కడ వదిలేసి టీ పెట్టుకోడానికి వెళ్ళాడు.

ఇరవైరెండేళ్ళు కేబుల్ ఓడ ఇంజను గదిలో
అరిగిన చెవులు ఆయనవి.
మెల్లగా అన్నది ఆయనలోంచి దాటిపోతుంది
ఏమీ కదపకుండా.
గట్టిగా అంటే మాత్రం
అడగనిదానికి జవాబొస్తుంది.

రెండు లేజర్లు. కవలల గొంతులు,
ఒకటి పిసరంత హెచ్చు.
కంటికి ఆనవు. నారింజ అట్టముక్క అడ్డం పెడితే
దాని మీద చిన్న మరక వెలుగుతుంది,
ఉన్నాయనడానికి అదే సాక్ష్యం.

రెంటినీ కలిపి గాజులోకి తోస్తాం.
ఒకదానికొకటి తోడైన చోట ఉబ్బుతాయి,
ఎదురైన చోట మాయమవుతాయి.
ఉబ్బిన చోట గాజు చిక్కబడుతుంది.
ఎంతనుకున్నారు? వెయ్యి కోట్లలో ఒక పాలు.
ఆ కాస్తకే వెలుగు అడుగు తడబడి,
ఆ బాకీ మోసుకుంటూ
అయిదువందల మీటర్లూ నడుస్తుంది.
అవతల తెర మీద, మా రెండు గీతలకీ
అటొకటి ఇటొకటి
ఎవరూ పంపని గీతలు.

రెండు పంపాం. నాలుగొచ్చాయి.

మొదటిసారి చూసిన రాత్రి
కనెక్టరు మురికేమోనని స్పిరిట్‌తో తుడిచాను.
మళ్ళీ అవే.
శక్తి సగానికి తగ్గించాను.
కొత్తవి సగానికి ఆగలేదు,
ఎనిమిదో వంతుకి కుంగాయి.
మురికికి ఇంత లెక్క రాదు.

మరీ గట్టిగా తోస్తే గుమ్మంలోనే
వెలుగు వెనక్కి తిరుగుతుంది,
గాజులో తనే పుట్టించిన చప్పుడుకి తగిలి.
మెల్లగా తోస్తే గాజు నోరు విప్పదు.
మధ్యలో ఒక ఇరుకు సందు. మా మూడు నెలలూ అందులోనే.

మిగిలింది ఒకటే:
లోపలికి నిజంగా ఎంత వెళ్ళింది?
లేజరు మీద రాసి ఉన్నంతా కాదు,
మూతి దగ్గర కొంత చిందిపోతుంది.
గుల్వెన్ కత్తి నా చేతికిచ్చాడు.
"రెండో మీటరు దగ్గర కొయ్యి, అజెనోర్.
అక్కడ ఉన్నదే నిజం."

కోస్తే ఈ అమరిక మళ్ళీ రాదు.
"కొయ్యకపోతే ఏమవుతుంది?" గట్టిగానే అడిగాను.

"మా నాన్న పెరోస్ రేవులో పీతలు తూచేవాడు,
బుట్టతో సహా.
మా అమ్మ అప్పుడప్పుడూ వచ్చి
ఉత్త బుట్టని తూయించేది."

నేనడిగింది అది కాదు.
కాదో, అవునో.

కత్తి ఆనించాను. టిక్‌మంది.
గాజు పెట్టే గోల అంతే.

మీటరు చెప్పిన అంకె
నేననుకున్నదానికి నూటికి తొమ్మిది తక్కువ.
థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం
పక్కకి జరిగింది, బీరువా జరిపితే
కింద ఇన్నాళ్ళ దుమ్ము బయటపడినట్టు.

కొత్త అంకెతో చుక్కలు పెట్టాను.
ఆరు ఒక గీత మీద కుదురుగా కూర్చున్నాయి.
ఏడోది కూర్చోలేదు.
చెరపబోయాను.
గుల్వెన్ వద్దనలేదు. కళ్ళజోడు తీసి
చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, చాలాసేపు.
ఉంచేశాను.

గీత వాలే జవాబు.
దాని పక్కన రాశాను: అయిదు శాతం అటూ ఇటూ.
అలా రాయడానికి పట్టినంత సేపు
జవాబు రాయడానికి పట్టలేదు.

తీసేసిన రెండు మీటర్లనీ
ఆయన వేళ్ళకి చుట్టి జేబులో వేసుకున్నాడు.
మెట్లెక్కాం. వాన ఇంకా అడ్డంగానే.
బస్సు దగ్గర "రేపు కలుద్దాం" అన్నాను,
మెల్లగా. దాటిపోయింది.
గాలిని మించి మళ్ళీ అరిచాను.

గొడుగు ఎత్తి తలాడించాడు:
"అవునవును, దాన్ని ఉంచడమే మంచిది."