గిర్వి డ్రమ్ములు

ఇరవై రెండు ఎర్ర కోట్లు,
భుజాల మీద జరీ కుచ్చులు, ప్యాంట్లకు తెల్ల పట్టీలు.
అన్నీ కుట్టి ఇచ్చినంక మడావి బ్యాండు మేస్త్రి
పైసల్లేవని డ్రమ్ముల సెట్టు తెచ్చి
గిర్వి పెట్టిపోయిండు.
బల్లార్షా డిపో రోడ్డుల నా పదడుగుల దుకాణంల,
మిషనుకూ ఇస్త్రీ బల్లకూ నడుమ
ఈనిన బర్రె లెక్క కూసున్నది.

మొదటి వారం దాని మీద జాకెట్లు ఆరేసిన.

రెండో వారం షట్టరు సగం దించి,
ఫోన్ల పాట పెట్టి, చెవులకు వైర్లు తగిలించి,
చూద్దామని కూసున్న.
పాటల ఉన్నాయన ఆగడు.
ఎవరో, ఏ ఊర్ల వాయించిండో,
కట్టె జారి గుండీల డబ్బా ఎనుక పడితే
నేను దేవులాడుతుండంగనే
రెండో చరణం దాటిండు.
ఎన్నడు తప్పడు. చాయ్ తాగడు.
ఎనుకకు జరిపితే మళ్ల అదే హుషారు.

ఈ కుడికాలు పంతొమ్మిదేండ్ల సంది
పెడలు మీదనే ఉన్నది.
తొక్కుడు దానికి ఒకరు నేర్పేది లేదు.
డ్రమ్ము పెడలు అడిగేది వేరు:
ఒక్క దెబ్బ కొట్టి ఊకో అంటది.
ఊకునుడు నా కాలుకు రాదు.
పాట కింద నేను
పొడుగు కుట్టు వేస్తనే ఉంటి
అంచు దాటి, గుడ్డ దాటి.

పక్క గిర్నీ శేవంతాబాయి గోడ కొట్టి
"కాయ్ గ లస్మక్కా, భూకంప్ ఆలా కా?" అన్నది.
ఆమె గోడ కొట్టిన కొట్టుడే
నా దానికంటే తాళంల ఉన్నది.

పోయిన బేస్తారం ఎడమ చెవి వైరు తెగింది.
కుడి చెవిల గొంతున్నది, పేటీ ఉన్నది,
ఇత్తడి పళ్లెం చప్పుడు లేదు.
ఇన్నొద్దులు ఆయన దాన్ని ఎడమ దిక్కు కొడుతున్నడని
నాకు తెల్వనే తెల్వదు.
మనిషి లేచిపోయిన పీట.
కట్టె లేపి మెల్లగ పళ్లెం మీద ఆనించిన.
నాలుగు పడ్డయి. ఐదోది పడలే.
ఆరోది బొగ్గు గూడ్సు కూతల కలిసిపోయింది,
పడ్డదనే రాసుకున్న.

నిన్న మడావి సగం పైసలు పట్టుకొని వచ్చిండు.
షట్టరు కింద ఆయన చెప్పులు కనపడుతనే ఉన్నయి,
పాట ఒడిసేదాక తట్టలే.
లోపలికొచ్చి పైసల ముచ్చట తియ్యకముందే
వంగి, పెడలు స్ప్రింగు
రెండు చుట్లు వదులు చేసిండు.
మిగిలింది గణపతి పండుగకు ఇస్తనన్నడు.
తొందరేం లేదన్న.

చెవి వైరు సుత ఇంకా అతికించలే.