ముప్పై అయిదు మార్కులు

ఇందులో పులుసు పొయ్యకండర్రా, అనేవారు
అసిరయ్య మాస్టారు.
చింతపండు తగిలితే పూతలో సీసం ఊరుతుందట.
అందుకే ఈ పళ్ళెం మా ఇంట్లో
ఇంతవరకూ ఎంగిలి ఎరగదు.

మూరెడు వెడల్పు.
ఒక పక్క అంచు మేకచెవిలా వాలింది.
నడిమధ్య కొంగ.
తేనెరంగు మీద నల్లగా, నాలుగే గీతలు.
ఆవంలో రంగు కరిగి కారి
దానికి మూడో కాలు మొలిచింది.

ఆ నలుపు గరివిడిది.
వేగన్లు నింపేటప్పుడు పట్టాల పక్కన పడ్డ
మాంగనీసు రాళ్ళని
నిక్కరు జేబులు చిరిగేట్టు ఏరుకొచ్చేవాళ్ళం.
చేతిపనుల పీరియడంతా నూరుడే.
"మెత్తగా, గుంటడా, ఇంకా మెత్తగా.
కంట్లో ఏసుకున్నా గరగరలాడకూడదు."
ఆ తరవాత ఉడతతోక కుంచె,
బిగబట్టిన ఊపిరి,
ఒక్క గీత.

ఆయన కలకత్తాలో రెండేళ్ళు ఈ పనే చదివొచ్చారు.
వాళ్ళమ్మ పైడమ్మ చీపురుపల్లి సంతలో
అటికెలూ మూకుళ్ళూ అమ్మేది.
కొడుకు చేసిన మొదటి పళ్ళేన్ని
వేలితో కొట్టి, చెవి ఆనించి,
"మోత బాగుందిరా. ఇందల ఏటొండుతారు?" అందట.
నవ్వకుండా చెప్పారు మాకు,
అదీ పాఠంలో భాగమే అన్నట్టు.

యాభైతొమ్మిది మాఘంలో ఆవం విప్పాం.
పద్దెనిమిది పెడితే బతికినవి నాలుగు.
నాది మూడు ముక్కలు.
ముక్కల్ని తిరగేసి, విరిగిన చోట తడిమి
డెబ్భై వేశారు.
"మట్టి బాగా తొక్కావు. పగలడం మంట తప్పు."
తన పళ్ళెం బోర్లించి
పూత తగలని ఎర్రటి వీపు మీద మేకుతో గీకారు:
అసిరయ్య, 35.
పాసు మార్కులే.
ఎందుకండీ అంటే
కొంగ మూడో కాలు చూపించారు.

ఆ సాయంత్రం నాన్న నాకోసం బడికొచ్చాడు.
వేగన్లు నింపే మనిషి.
అన్నం కలిపే అరచేతి గీతల్లో కూడా అదే నలుపు,
కుంకుడురసానికీ బూడిదకీ ఇసకకీ లొంగనిది.
గుమ్మం దాటకుండా నిలబడి
పళ్ళెం కేసి చాలాసేపు చూసి
"ఇది మా సరుకే కాదేటి బావూ?" అన్నాడు.
"అయితే మీదే" అని
మాస్టారు పాత పేపర్లో చుట్టి ఇచ్చేశారు.

గాదె మీద, గోడకి చేరేసి పెట్టింది అమ్మ.
రోజూ తెల్లారగట్ల పనికెళ్ళే ముందు నాన్న
ఆ మూడో కాలు మీద వేలు రాసి
దీపం దగ్గరికొచ్చి చూసుకునేవాడు.

అంటేది కాదు.