ఎడమ తుంటి మీద ఎర్రమట్టి

నన్ను బానా కబాసో అంటారు, కబాసో తల్లిని.
నా అసలు పేరు గని ఆఫీసు జీతాల పుస్తకంలో ఉంది,
అక్కడా తప్పు రాశారు.
ముఫులిరాలో, స్టాండు వెనక సిమెంటు తొట్టి దగ్గర
ఇరవై ఆరేళ్ళుగా జట్టు బట్టలు ఉతుకుతున్నాను.
ఆట చూసింది తక్కువ.
గోలు పడితే గోడ అవతల అరుపు,
తొట్టిలో నీళ్ళు వణుకుతాయి.
ఎవరెలా ఆడారో సాయంత్రం చొక్కాలే చెబుతాయి.

లోంబె చిసాలా వచ్చినప్పుడు పదిహేడేళ్ళు.
పద్నాలుగో నంబరు చొక్కా, తొడల దాకా వేలాడేది.
మొదటి ఆటకే కనిపెట్టాను,
వీడు ఎడమకే పడతాడు.
ఎప్పుడూ ఎడమ తుంటి మీదే ఎర్రమట్టి, అరచెయ్యంత.
బ్రష్షు అరిగేలా రుద్దినా
ఒక గులాబి నీడ మిగిలేది.
కుప్పలో ఎక్కడున్నా వాడి చొక్కా
కళ్ళు మూసుకుని తీసేదాన్ని.

తర్వాత దేశం జట్టు పిలిచింది.
ఆ ఆకుపచ్చ చొక్కాలు లుసాకాలో ఎవరో ఉతికారు.
ముప్పై ఒక్క ఆటలు.
ఒక్క చొక్కా మాత్రం ఉతక్కుండా నా దగ్గరికి తెచ్చాడు.
"మాయో, ఇది డకార్ గడ్డి. పోతుందా?"
నిమ్మకాయ ఉంటే పోతుంది, అన్నాను.
"అయితే వద్దు" అని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

ఆపైన బెల్జియం. మూడు చలికాలాలు.
అక్కడ మెషీన్లు ఉతుకుతాయట,
ఏ మరక ఎవరిదో ఎవరికీ పట్టదట.
మోకాలి మీద జిప్పు లాంటి కుట్టుతో తిరిగొచ్చాడు.
నేనైతే ఇంకాస్త దగ్గరగా కుట్టేదాన్ని.

ఇప్పుడు కోచ్. వాడు అనకూడదు, అతను.
కోచ్ చొక్కాకి మట్టి ఉండదు.
చంకల్లో చెమట, జేబు కింద పెన్ను కక్కిన సిరా.
సులువనుకుంటారు.
మట్టి నీళ్ళ మాట వింటుంది, సిరా వినదు.
ఓడిన రోజు కాలరు మీద పళ్ళ గుర్తులు. నిజంగానే.
ఒక ఏడు వరసగా అయిదు ఓడారు, ఉద్యోగం పోయింది.
ఎనిమిది నెలలు ఆ చొక్కాలు నా తొట్టికి రాలేదు.
బజార్లో ఎండు కపెంట చేపలు బేరమాడుతూ కనిపించాడు,
చొక్కాకి ఇస్త్రీ లేదు. నేనేమీ అనలేదు.
ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి వెళ్ళాక మళ్ళీ పిలిచారు.

పోయిన శనివారం అతని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను,
చిల్లర మరిచిపోతుంటాడు.
నాలుగు మడతల కాగితం.
పదకొండు పేర్లు.
వెనక వరసలో, ఎడమ పక్క, ఒక పేరు కొట్టేసి,
మళ్ళీ అదే రాసి, మళ్ళీ కొట్టేసి,
కాగితమే చిరిగిందక్కడ.
నాకు చదువు రాదనుకుంటాడు.
కొడుకు పేరు చదివేంత వచ్చు.

మడతలు ఎలా ఉన్నవి అలాగే పెట్టాను.
ఇంట్లో కబాసో బూట్లకు పాలిష్ పెడుతూ ఈల వేస్తున్నాడు.
న్షిమా కలుపుతూ నేను వెనక్కి తిరగలేదు.

ఆదివారం, ఆట అయ్యాక,
కుప్పలో వాడి చొక్కా. ఇస్త్రీ గీతైనా చెదరలేదు.
అయినా నీళ్ళలో వేశాను.
వాడూ ఎడమకే పడతాడు, లోంబె నేర్పిందే.
ఆ చోటే రుద్దుతున్నాను, ఏమీ లేని చోట.

కుంటుకుంటూ వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు.
"మాయో" అన్నాడు. ఆగాడు.
అప్పుడే గాలి ఇటు తిరిగింది,
కొలిమి పొగ, సెంటా అంటాం, గొంతు పట్టుకుంది.
బట్టలు తియ్యి, అన్నాను, పసుపెక్కిపోతాయి.
తీశాడు. ఒక్కొక్కటీ.
క్లిప్పులు పెట్టుకోడానికి చోటు లేక
నోట్లో పెట్టుకున్నాడు,
నాలుగు, అయిదు,
ఇక మాట్లాడ్డానికి వీల్లేకుండా.