పేరుకున్న నీళ్ళు

నా పేరు బెవర్లీ. మగవాణ్ణే.
ఎనభై ఆరేళ్ళుగా ఈ రెండో మాట
మొదటిదాని వెంట తోకలా వస్తూనే ఉంది.

నిన్న చెవుల ఆసుపత్రిలో
నర్సు కెజాయా నా పేరు పిలిచి
నా తల మీదుగా చూసింది,
వెనక వరసలో ఊలు అల్లుకుంటున్న ముసలావిడ వైపు.
లేచి నిలబడ్డాను.
"మీ ఆవిడ రాలేదా?" అంది మర్యాదగా.
"మా ఆవిడ అవ్రిల్. పోయి ఆరేళ్ళయింది.
బెవర్లీని నేనేనమ్మా."

మా నాన్న యార్క్‌షైర్‌లో తోళ్ళ కార్ఖానా మనిషి,
ఆ పేరే ఉన్న ఊళ్ళో.
సున్నం, ఓక్ బెరడు, తడిసిన ఎద్దు:
ఆ వాసన ఆయనకంటే ముందు గుమ్మం దాటేది.
నేను పుట్టినరోజు తాగి ఉన్నాడని అమ్మ,
లేదని ఆయన.
ఏమైతేనేం, రిజిస్ట్రారు పేరడిగితే
కిటికీలోంచి కనిపించిన రైలు స్టేషను బోర్డు చదివేశాడు.

అప్పటికది మగపేరే.
ఇంటిపేర్లు ముందుకు జరిగి
ఒంటిపేర్లయిన కాలం.
మా వీధి చివర ఒక వకీలుకీ ఉండేది,
ఇత్తడి పలక మీద, మీసంతో సహా.

బళ్ళో హోల్‌రాయిడ్ మాస్టారు
సుద్దముక్కతో నా పేరుని రెండుగా కోశారు.
మొదటి ముక్క బీవరు,
పళ్ళతో చెట్టు పడగొట్టి
ఏటికి అడ్డకట్ట వేసుకునే జీవి.
రెండోది వాగు కావచ్చన్నారు,
దాని మీద పండితులకి ఇంకా తగువేనట.
"అవెక్కడుంటాయి సార్?"
"ఇక్కడ లేవు. వందల ఏళ్ళ కిందటే
ఆఖరిదాని తోలు వలిచేశారు."
ఆ సాయంత్రం నాన్న చేతులకేసి చూశాను.
ఏమీ అడగలేదు.

పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో
హాజరు పిలుస్తున్న సార్జెంటు
నా దగ్గర ఆగి, కాగితం తిప్పి చూసి,
"గౌను ఎక్కడ మరిచావు?" అన్నాడు.
అప్పటికే గాలి మళ్ళింది.
ఎవరు మొదలెట్టారో,
ఉయ్యాలల్లో ఆడపిల్లలు
నా పేరు పెట్టుకుని ఏడవసాగారు.
పెరిగి పెద్దయి, మా బస్సు డిపో టైపు గదిలో
ఒకే ఏడు ముగ్గురు చేరారు.
"బెవర్లీ! ఫోను!" అంటే
స్ప్రే కొట్టిన మూడు తలలు తిరిగేవి.
ఇంజను కింద వెల్లకిలా పడుకుని నేను
నట్టు బిగించుకుంటూ ఊరుకునేవాణ్ణి.

పెళ్ళి పుస్తకంలో గుమాస్తా
వరుడి గడిలో అవ్రిల్‌ని రాశాడు, వధువు గడిలో నన్ను.
దిద్దబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది:
"ఉండనీ. చెత్తడబ్బా నేను మోస్తా, వంట నువ్వు చెయ్యి."
రెండిట్లోనూ మాట తప్పింది.

ఇప్పుడా టైపు గది పిల్లలూ అమ్మమ్మలే.
మనవరాలు బ్రయొని, ఏడో నెల,
సోఫాలో కాళ్ళు చాపుకుని పేర్ల జాబితా చదివింది.
ఆర్లో ఉన్నాడు. ఓటిస్ ఉన్నాడు.
నేను మగవైపూ లేను,
కాగితం తిప్పితే ఆడవైపూ లేను.

మొన్న ఏప్రిల్‌లో ఆ పిల్లే కారెక్కించి
ఉత్తరాన ఒక అడవికి తీసుకెళ్ళింది.
కంచె లోపల రెండు బీవర్లని తెచ్చి వదిలారట.
చీకటి పడేదాకా తడి మొద్దు మీద కూర్చున్నాం,
ఫ్లాస్కులో టీ, ఆమె పొట్ట మీద నా టోపీ.
ఏదీ రాలేదు.
కొరికిన బర్చి మొదళ్ళున్నాయి,
తాజాగా, తెల్లగా, పంటి గాట్లతో.
కొమ్మా బురదా కలిపి కట్టిన కట్ట వెనక
వాగు తన పరుగు మరిచి
నల్లగా, నిండుగా
పేరుకుని ఉంది.

బ్రయొని ఉలిక్కిపడి నా మణికట్టు నొక్కింది.
"తాతా, విన్నావా? తోకతో నీళ్ళని కొట్టింది!"
"విన్నాను" అన్నాను.

చెవి మిషను జేబులో ఉంది,
పిప్పరమెంట్ల మధ్య.
వలయం ఒకటి మాత్రం
గట్టు దాకా వచ్చి
నా బూటు ముందు ఆగింది.