కన్ను కొలత

మొగ దగ్గర ఇసుక మీద బల్ల వేశాం.
కళింగపట్నం. ఎండ ఇంకా ఎక్కలేదు.
రిజిస్టరు, రబ్బరు ముద్ర, నా చేతిలో ఇనప స్కేలు.

వల కన్ను నలభై మిల్లీమీటర్లకు తగ్గకూడదు.
వంశధారకి అడ్డంగా వల కట్టకూడదు.
చేప గుడ్డుకొచ్చే రెండు నెలలూ ఏట్లో దిగనేకూడదు.
పర్మిట్లు ముప్పై రెండు.
ఒడ్డున పడవలు నలభై ఒకటి.
ఆ తీసివేత చెయ్యడానికే నా జీతం.

తాతారావు పడవ అడుగున దోమతెర దాచాడని
అందరికీ తెలుసు, కాకులతో సహా.
చేపపిల్లలు దాన్లో మెతుకుల్లా అంటుకుంటాయి.
అది లాగి బయట పడేస్తే ఎవరూ మాట్లాడలేదు.
మాట్లాడింది ఒక్క తాతారావే:
"సంద్రంలో ఆ పెద్ద బోట్లకి
స్కేలు పెట్టేవోడు ఏ బస్సుకొస్తాడు బావూ?"
నా రిజిస్టరులో సముద్రం లేదు.
పేజీ తిప్పాను.

బుడగట్ల దానెమ్మ.
పర్మిట్టు మొగుడి పేరునే ఉంది.
ఆయన పోయి ఆరేళ్లు.
"వల నాను అల్లిందే.
రెండు వేళ్లు దూరితే కన్ను.
మాయమ్మకీ అదే కొలత."

పెట్టాను స్కేలు. ముప్పై ఆరు.
తడి వల ముడుచుకుందేమోనని లాగి మళ్లీ పెట్టాను.
ముప్పై ఆరే.
"పాత అల్లిక చూడు" అని అంచు నా ఒళ్లో వేసింది.
నలభై రెండు.
నడిమిన, తుఫాను ఏడు అతుకు: నలభై.
ఈ ఏడు వేసిన అతుకు: ముప్పై ఆరు.
వల పొడుగునా ఒక మనిషి
సన్నబడుతూ వచ్చింది.

తన వేళ్లు తనే ఎత్తి, ఎండకి అడ్డం పెట్టి చూసుకుంది,
ఎవరో అరువిచ్చినవి అన్నట్టు.
"సేప తగ్గిపోనాదనుకున్నాను.
నానే తగ్గిపోనాను."
నవ్వింది. వెనక వరసలో
ఎవరో నవ్వబోయి ఆగారు.

కారణం రాసే గడి ఇంత సన్నం.
"అతుకులు కోసి తిరిగి అల్లవలెను, గడువు పదిహేను రోజులు."
స్కేలు ఇమ్మంది. సర్కారుది, ఇవ్వలేను.
ఒడ్డున దొరికిన వెదురు బద్దని
బ్లేడుతో నలభైకి గీసి ఇచ్చాను.
రెండు వేళ్ల పక్కన మూడో వేలులా
దాన్ని పట్టుకుని చూసింది.
"ఇది సన్నబడదు కదా."

సాయంత్రం శ్రీకాకుళం బస్సులో
నలభై ఒకటిలోంచి ముప్పై రెండు తీసేశాను.
తొమ్మిది.
మళ్లీ తీసేశాను.