ఎండ్రకాయ బొరియ

మా నాన్న అబ్బులు, లాకుల దగ్గర లస్కరు.
ముప్పై ఒక్క ఏళ్ళు కాలవ గట్టు మీద నడిచాడు,
వరదొస్తే రాత్రుళ్ళు కూడా, లాంతరూ పారా పట్టుకుని.
గండి ఎప్పుడూ పెద్దగా మొదలవదే, అనేవాడు.
ఎండ్రకాయ ఒకటి బొరియ తవ్వుకుంటుంది,
అందులోకి చెంబుడు నీళ్ళు పోతాయి,
తెల్లారేసరికి నాలుగూళ్ళ ఊడ్పులుండవు.

ఆయనకి మొదట పోయింది మంగళవారం.
సోమవారం తర్వాత బుధవారం అన్నాడు, నవ్వుకున్నాం.
తర్వాత సొంత తమ్ముడి పేరు.
తర్వాత లుంగీ ముడి.
ఒక సాయంత్రం అమ్మని చూసి
"ఎవరమ్మా మీరు, రేవు దాటించాలా?" అన్నాడు.
"ఆయ్, దాటించండి" అంది అమ్మ.
చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా,
వాకిలి ఈ చివర నించి ఆ చివరకి దాటించాడు.

బహుమతి ఆలోచన అక్కది.
రొయ్యల మేత కొట్టున్న అన్నయ్య ముందు లెక్క అడిగాడు.
నాన్న పింఛను బకాయి కొంత,
అక్క వాటా పద్నాలుగు కొబ్బరి చెట్ల మీద కొంత,
నా టైలరింగు షాపు నించి నెలకింత.
ఏటా లక్షా నూట పదహార్లు,
మతి పోయే జబ్బు మీద, మెదడు అరిగిపోయే జబ్బుల మీద
పనిచేసే కుర్రకారుకి.
"జబ్బుకి బహుమతేంటే,
ఆ డబ్బుతో ఊరందరికీ భోజనాలు పెట్టొచ్చు" అని అమ్మ.

కరపత్రంలో అన్నయ్య 'స్మారక' అని వేయించబోయాడు.
బతికున్న మనిషికి స్మారకమేంట్రా అని అక్క ప్రెస్సులోనే ఏడ్చింది.
స్మారకమంటే జ్ఞాపకమేగా అండీ, అన్నాడు ప్రెస్సాయన.
మేం ఎవ్వరం మాట్లాడలేదు.

దరఖాస్తులు పద్దెనిమిది, అన్నీ ఇంగ్లీషులో.
చదివి చెప్పమని కాకినాడ డాక్టర్లిద్దర్ని బతిమాలాం.
ఎంపికైనామె పేరు రూతు కరుణ, పుట్టింది ఆచంట దగ్గర.
హైదరాబాదులో ఎలకల మెదళ్ళు చూస్తుందట.
లాకుల పక్క పాత బంగళా వరండాలో,
ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న మాకు చెప్పింది:
"కణానికీ ఒక మురుగు కోడు ఉంటుందండీ.
దానికి గుర్రపుడెక్క ఎక్కడ పట్టిందో వెతుకుతున్నాను."
వెనక వరసలో రైతులు తలూపారు.

చెక్కు నాన్న చేతికిచ్చాం, ఆమెకిమ్మని.
అంకె వేలితో కూడబలుక్కున్నాడు.
"లక్షా నూట పదహారా! నీళ్ళెక్కువున్నాయి.
తలుపులు దించండ్రా, పై లాకులకి కబురెట్టండి."
జనం నవ్వారు.
ఆమె నవ్వలేదు. "అలాగేనండీ, దించేస్తాం" అంది.

అమ్మ ఆమెని పక్కకి పిలిచి అడిగింది,
"దీంతో ఈయనకి తగ్గుద్దా?"
"తగ్గదండీ.
మీ పిల్లల కాలానికి కూడా మందు రాకపోవచ్చు."
అమ్మ కాసేపు కాలవకేసి చూసింది.
తర్వాత లోపలికెళ్ళి పొట్టిక్కలు నాలుగు
పనసాకు బుట్టలతోనే తెచ్చి ఆమె సంచిలో పెట్టింది.
మూడేళ్ళలో నిజం చెప్పిన మొదటి డాక్టరని
రాత్రి నాతో అంది.

నాకు నలభై తొమ్మిది.
మొన్న నా కత్తెర ఫ్రిజ్జులో దొరికింది.
ఎవరికీ చెప్పలేదు.
వచ్చే ఏటి నా వాటా ముందే కట్టేశాను.
అన్నయ్య ఇంకా ఇవ్వలేదు, మేత ధర పడిపోయిందంటాడు.

పొద్దున్నే నాన్నని గట్టు మీద నడిపిస్తాను.
నిన్న ఒక బొరియని చూడకుండానే దాటేసి పోయాడు.
నేను ఆగి, మడమతో మట్టి తొక్కుతున్నాను.
నాలుగడుగులు ముందుకెళ్ళినవాడు వెనక్కి తిరిగి
ఏం చేస్తున్నావమ్మా అన్నాడు.
చెప్పాను.

"ఇంత చిన్నదానికా?" అన్నాడు.